ప్లాస్టిక్ విమానం మోడల్: పెట్టెలో ఉన్నదాన్నే మెరుగు చేసుకుంటూ కట్టడం ఎలా?

మీ దగ్గర 1/72 స్కేలు (అసలు విమానంలో 72వ వంతు సైజు) విమానం కిట్ ఉంటే రెక్క వెనక అంచు మందం ఒకసారి కొలిచి చూడండి. కొన్ని కిట్లలో 0.8 మి.మీ. దాకా ఉంటుంది. దాన్ని 72తో గుణిస్తే దాదాపు 58 మి.మీ. వస్తుంది. అసలు విమానంలో అక్కడ పల్చటి రేకులు కలిసి ముగుస్తాయి, అంత మందం ఉండే అవకాశమే లేదు. రంగులన్నీ సరిగ్గా పడినా, డీకాల్స్ (నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తుల స్టిక్కర్లు) నీట్‌గా కూర్చున్నా మోడల్ ఎందుకో ఆటబొమ్మలా కనిపిస్తోందంటే, కారణం చాలాసార్లు ఇలాంటి చోటే ఉంటుంది.

కాబట్టి ఏ పని మొదలుపెట్టినా ముందు దాన్ని స్కేలుతో గుణించి చూసుకోండి. ఎక్కడ శ్రమ పెట్టాలో, ఎక్కడ వదిలేయొచ్చో ఆ లెక్కే చెబుతుంది. రెసిన్ భాగాలు, లోహపు రేకు భాగాలు లాంటివి విడిగా కొనే ముందు, కిట్‌లో ఉన్న ప్లాస్టిక్‌తోనే చేయగలిగింది చాలా ఉంది.

కిట్, సామాను

రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ స్పిట్‌ఫైర్ మార్క్ 1 రెక్కల పొడవు ఈ చివరి నుంచి ఆ చివరికి 11.23 మీటర్లు. 1/144లో అది 7.8 సెం.మీ., 1/72లో 15.6 సెం.మీ., 1/48లో 23.4 సెం.మీ., 1/32లో 35 సెం.మీ. అవుతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను 1/48 చెబుతాను. భాగాలు చేతికి అందేంత పెద్దవిగా ఉంటాయి, పూర్తయిన మోడల్ అల్మారాలో పడుతుంది. విమానం విషయానికొస్తే, రెండో ప్రపంచ యుద్ధం నాటి ఒంటి ఇంజిన్ ఫైటర్ తీసుకోండి. దానికి ఒకటే జత రెక్కలు ఉంటాయి, తోక చక్రం మీద కూర్చుంటుంది. రెండంతస్తుల రెక్కల విమానమైతే వాటి మధ్య తీగలు కట్టాలి, ముక్కు చక్రం ఉన్న విమానమైతే ముందు బరువు పెట్టాలి. ఇవేమీ మొదటి మోడల్‌కు అవసరం లేదు.

పెట్టె మీద బొమ్మ చూసి కొనకండి. బొమ్మ కొత్తదైనా లోపలి అచ్చు కొన్ని దశాబ్దాల నాటిది కావచ్చు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీ మొదటి స్పిట్‌ఫైర్ కిట్ 1950లలోనే వచ్చింది. ఆ తర్వాత అదే కంపెనీ అదే విమానానికి ఎన్నో కొత్త అచ్చులు చేసింది. పాత అచ్చుల్లో ప్యానెల్ గీతలు (రేకులు కలిసే చోటు చూపే గీతలు) ఉబ్బెత్తుగా ఉంటాయి, అతుకులు అంత బాగా కలవవు. ఆ కిట్ అచ్చు ఏ సంవత్సరంలో తయారైందో కొనే ముందే తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. తమియా, ఎడ్వార్డ్ కంపెనీల ఈమధ్య కిట్లు అతుకుల విషయంలో నమ్మదగినవి.

సామాను పెద్దగా అక్కర్లేదు. ప్లాస్టిక్ కోయడానికి పదునైన నిప్పర్, 11 నంబర్ బ్లేడు పట్టే హాబీ కత్తి, సన్న మొన ఉన్న పట్టకారు, 320 నుంచి 2000 దాకా గ్రిట్ ఉన్న వాటర్ పేపర్లు, మంచి మాస్కింగ్ టేపు, 0.3 నుంచి 1 మి.మీ. బిట్లు పట్టే చిన్న చేతి డ్రిల్లు ఉంటే చాలు. జిగుళ్లు మూడు రకాలు కావాలి: పల్చటి లిక్విడ్ సిమెంట్, సూపర్ గ్లూ, తెల్ల జిగురు. కత్తి బ్లేడు మాత్రం పొదుపు చేయకండి. మొద్దుబారిన బ్లేడును బలంగా నొక్కాల్సి వస్తుంది, అలా నొక్కినప్పుడే అది జారి వేలు తెగుతుంది.

కోయడానికి ముందు

గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ వేసి, ఫ్రేములన్నీ (భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ చట్రాలు) మెత్తని బ్రష్‌తో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి ప్లాస్టిక్ సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు కొంత భాగాల మీద మిగిలి ఉండొచ్చు. అది ఉన్నచోట రంగు పట్టదు.

ఆ తర్వాత సూచనల కాగితం మొదటి నుంచి చివరి దాకా చదవండి. చదువుతూనే మీరు చేయబోయే విమానం ఏదో తేల్చుకోండి. ఫలానా స్క్వాడ్రన్, ఫలానా సంవత్సరం అని ముందే అనుకోవాలి. ఒకే పెట్టెలో రెండు మూడు రకాలకు సరిపడా భాగాలు ఉంటాయి. బాంబులు, అదనపు ఇంధన ట్యాంకులు తగిలించే చోట రెక్క లోపలివైపు సగం లోతు రంధ్రాలు ఇస్తారు. రెక్క రెండు ముక్కలూ అతికించకముందే వాటిని డ్రిల్ చేయాలి. అతికించాక బయటి నుంచి అవి ఎక్కడున్నాయో కనిపించవు. అలాంటి చోట్లన్నీ కాగితం మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టుకోండి.

అసలు విమానం ఫొటోలు నాలుగైదు దగ్గర పెట్టుకోండి. కిట్ కంపెనీ వేసిన రంగుల బొమ్మ కంటే ఫొటోనే నమ్మండి.

కోత, గీకుడు

భాగాన్ని ఫ్రేము నుంచి ఒక్క కోతతో తీయకండి. మొదటి కోత భాగానికి రెండు మూడు మి.మీ. దూరంలో వేయండి. భాగం చేతికి వచ్చాక మిగిలిన మొలకను రెండో కోతతో తీయండి, అప్పుడు కూడా వెంట్రుకవాసి వదలండి. ఆ మిగిలింది కత్తితో చెక్కి, 600 గ్రిట్‌తో రుద్దాలి. భాగానికి ఆనించి ఒకేసారి కోస్తే ప్లాస్టిక్ నలిగి తెల్లబడుతుంది, ఒక్కోసారి భాగంలోంచే చిన్న ముక్క లేచిపోతుంది. యాంటెన్నా స్తంభం, పిటో ట్యూబు (గాలి వేగం కొలిచే సన్నని గొట్టం) లాంటి సన్నటివాటికి ముందు చుట్టూ ఉన్న ఫ్రేమును ముక్కలు చేసి, బిగువు తగ్గించి, చివర్లో భాగాన్ని వేరు చేయండి.

అచ్చు రెండు సగాలు కలిసిన చోట ప్రతి భాగం చుట్టూ సన్నని గీత ఉంటుంది. కత్తి అంచును నిటారుగా పట్టి లాగితే అది పోతుంది. ల్యాండింగ్ గేర్ కాళ్ల మీద, ప్రొపెల్లర్ రెక్కల అంచుల మీద ఈ గీత మిగిలిపోతే రంగు వేశాక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

జిగురు ఎలా పనిచేస్తుంది

కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. లిక్విడ్ సిమెంట్ నిజానికి జిగురు కాదు, ద్రావకం. రెండు అంచుల్లోనూ ప్లాస్టిక్‌ను కొద్దిగా కరిగిస్తుంది, కరిగిన ప్లాస్టిక్ కలిసి ఒకటవుతుంది, ద్రావకం ఆవిరైపోతుంది. అందుకే రంగు వేసిన అంచు మీద సిమెంట్ సరిగ్గా పట్టదు. అతికే చోట రంగు గీకేయాలి. ఇదే కారణంతో రెసిన్‌కూ లోహానికీ ఇది పనికిరాదు, వాటికి సూపర్ గ్లూ వాడాలి.

పల్చటి సిమెంట్‌ను భాగాల మీద ముందుగా పూయనక్కర్లేదు. రెండు భాగాలనూ కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్ కొసను తాకించండి. సిమెంట్ సందులోకి దానంతట అదే పాకుతుంది. అతుకు మీద వేలు ఉంటే వేలి కిందికీ పాకుతుంది, తర్వాత అక్కడ మీ వేలిముద్ర మిగులుతుంది. మాస్కింగ్ టేపుతో బిగించి పెట్టినప్పుడు కూడా టేపు లేని చోటే బ్రష్ తాకించండి. సగం అతుకు పట్టాక టేపు తీసి మిగతాది పూర్తి చేయండి.

ఫ్యూజలేజ్ (విమానం మొండెం) రెండు సగాలకు నేను వాడే పద్ధతి వేరు. ఒకేసారి చుట్టూ అతికించకుండా తోక దగ్గర మొదలుపెట్టి మూడు నాలుగు సెంటీమీటర్ల చొప్పున ముందుకు వెళ్లాలి. సిమెంట్ కాస్త ధారాళంగా పట్టించి, అర నిమిషం ఆగి, రెండు సగాలనూ మెల్లగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ అతుకు పొడవునా సన్నని పూసలా పైకి ఉబుకుతుంది. దాన్ని ముట్టుకోకుండా ఒక రోజంతా, వీలైతే రెండు రోజులు వదిలేయండి. గట్టిపడ్డాక కత్తితో గీకి, 600, ఆపైన 1000 గ్రిట్‌తో తడిపి రుద్దితే అతుకు కనిపించదు, పుట్టీ కూడా అక్కర్లేదు. తొందరపడి మర్నాటి కంటే ముందే రుద్దితే, లోపల ఇంకా మెత్తగా ఉన్న ప్లాస్టిక్ తర్వాత కుంగుతుంది. రంగు వేసిన కొన్ని వారాలకు అక్కడ సన్నని గాడి తేలుతుంది.

సిమెంట్ ఆవిరి పీల్చడం మంచిది కాదు, కిటికీ తెరిచి పని చేయండి. రెసిన్ భాగాలు రుద్దేటప్పుడు మాస్క్ పెట్టుకుని, తడిపి రుద్దండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

కాక్‌పిట్

చాలామంది కాక్‌పిట్ (పైలట్ కూర్చునే చోటు) మీద వారాలు గడిపి, ఆ ఉత్సాహం అయిపోయాక రెక్కలను గబగబా అతికించేస్తారు. క్యానొపీ (కాక్‌పిట్ మీది గాజులాంటి మూత) మూసి పెడితే 1/72లో లోపల కనిపించేది సీటు పై భాగం, బెల్టులు, ప్యానెల్ పై అంచు. అంతే. మీ శ్రమంతా అక్కడికే పరిమితం చేయండి.

సీటు బెల్టు అసలు వెడల్పు సుమారు 5 సెం.మీ. అంటే 1/72లో 0.7 మి.మీ., 1/48లో ఒక మి.మీ. మాస్కింగ్ టేపును గాజు మీద అంటించి, ఉక్కు స్కేలు పెట్టి ఆ వెడల్పున పీలికలు కోయండి. లేత గోధుమ రంగు వేసి సీటు వీపు మీదుగా వంచి అంటించండి. బకిల్ చోట వెండి రంగు చుక్క పెడితే చాలు. విడిగా అమ్మే రేకు బెల్టుల కంటే ఇవి సీటు మీద సహజంగా వాలతాయి.

లోపలి రంగులు దేశాన్ని బట్టి మారతాయి. బ్రిటిష్ విమానాల్లో బూడిద కలిసిన ఆకుపచ్చ, సోవియట్ జెట్లలో నీలి ఆకుపచ్చ వాడారు. అడుగు రంగు ఆరాక పల్చటి ముదురు గోధుమ వాష్ (బాగా పల్చన చేసిన రంగు) మూలల్లోకి పారించండి. ఆ తర్వాత దాదాపు పొడిగా తుడిచిన బ్రష్‌తో లేత రంగును అంచుల మీద తాకీ తాకనట్టు రుద్దండి. స్విచ్చులు, లివర్లు అప్పుడే తేలి కనిపిస్తాయి.

ముక్కు చక్రం ఉన్న విమానమైతే ఫ్యూజలేజ్ మూసేముందు బరువు సంగతి చూడాలి. పి-38, మీ-262 లాంటివి బరువు లేకపోతే తోక మీద కూర్చుంటాయి. భాగాలన్నీ టేపుతో తాత్కాలికంగా కలిపి, ప్రధాన చక్రాలు వచ్చే చోట పెన్సిల్ మీద నిలబెట్టి, ముక్కు కిందికి వాలేదాకా బరువు పెంచండి. ఆపైన ఇంకొంచెం కలపండి, ఎందుకంటే రంగు, పుట్టీ, తోక భాగాలు తర్వాత బరువు పెంచుతాయి. ఉక్కు నట్లు బాగా పనికొస్తాయి. సీసం గుండ్లు వాడితే వాటిని తెల్ల జిగురుతో అంటించకండి. సీసం దానితో చర్య జరిపి మెల్లగా ఉబ్బుతుంది, కొన్నేళ్లకు ముక్కు పగిలే ప్రమాదం ఉంది. ఎపాక్సీతో అంటించండి.

రెక్క అంచులు పల్చన చేయడం

మోడల్ రూపాన్ని అన్నిటికంటే ఎక్కువగా మార్చేది ఈ పనే. దీనికి కొనాల్సింది కూడా ఏమీ లేదు.

గాజు పలక మీద 320 గ్రిట్ వాటర్ పేపర్ అంటించండి. రెక్క కింది సగాన్ని లోపలివైపు కాగితానికి ఆనేలా పెట్టి, వెనక అంచు మీద మాత్రమే వేలి ఒత్తిడి ఉంచి గుండ్రంగా తిప్పుతూ రుద్దండి. బయటి ముఖాన్ని ముట్టుకోకండి, అక్కడి ప్యానెల్ గీతలు చెరిగిపోతాయి. ప్రతి ఇరవై ముప్పై రుద్దులకు ఆపి, రెండు సగాలూ కలిపి అంచు చూడండి. పల్చబడిన ప్లాస్టిక్‌ను దీపానికి అడ్డంగా పెడితే వెలుతురు లోపలి నుంచి కనిపించడం మొదలవుతుంది. అక్కడితో ఆగి పై సగాన్ని కూడా అలాగే చేయండి. కలిపినప్పుడు అంచు 0.3 మి.మీ. దగ్గరికి వస్తే చాలు. అది 1/72లో దాదాపు 22 మి.మీ.కి సమానం, అప్పటికీ అసలు కంటే మందమే, అయినా కంటికి సరిపోతుంది. మరీ పల్చన చేస్తే సిమెంట్ తగలగానే అంచు అలల్లా వంకర పోతుంది. అలాంటి చోట సిమెంట్ బదులు సూపర్ గ్లూ కొద్దిగా వాడండి.

చక్రాల గదుల తలుపులకూ, ఎగ్జాస్ట్ గొట్టాల నోళ్లకూ ఇదే లెక్క. తలుపుల అంచులను లోపలివైపు ఏటవాలుగా గీకండి. తలుపంతా పల్చన చేయనక్కర్లేదు, అంచు పల్చగా కనిపిస్తే కన్ను మిగతాది నమ్ముతుంది. ఎగ్జాస్ట్ నోళ్లు, తుపాకీ గొట్టాల కొసలు డ్రిల్‌తో బోలు చేయండి. డ్రిల్ బిట్ జారకుండా ముందు సూదితో మధ్యలో చిన్న గుంట పెట్టుకోవాలి.

రెక్కలు, తోక నిలబెట్టడం

సిమెంట్ ముట్టుకోకముందు ప్రతి భాగాన్నీ పొడిగా కలిపి చూడండి. రెక్కకూ ఫ్యూజలేజ్‌కూ మధ్య సందు వస్తుంటే దాన్ని పుట్టీతో నింపడం చివరి మార్గం. ఫ్యూజలేజ్ కాస్త ఇరుకుగా అతుక్కున్నా ఆ సందు వస్తుంది. అలాంటప్పుడు ఫ్రేము ముక్కను తగిన పొడవుకు కోసి, ఫ్యూజలేజ్ లోపల రెండు గోడల మధ్య అడ్డంగా బిగించండి. గోడలు పక్కకు జరిగి సందు మూసుకుంటుంది. అది కుదరకపోతే రెక్క మొదట్లో 0.25 మి.మీ. ప్లాస్టిక్ షీటు పీలిక అతికించి, ఆరాక రెక్క ఆకారానికి రుద్దండి.

రెక్కలు కొద్దిగా కిందికి వాలుతున్నాయా? ఈ చివరి నుంచి ఆ చివరికి పైన మాస్కింగ్ టేపు సాగదీసి అంటించి, అది రెక్కలను పైకి లాగి పట్టుకున్న స్థితిలో సిమెంట్ వేసి రాత్రంతా వదిలేయండి. తోక రెక్కలు పెట్టాక మోడల్‌ను కంటి ఎత్తులో పట్టుకుని సరిగ్గా ఎదురుగా చూడండి. తోక నిటారుగా ఉందా, రెండు రెక్కల కొసలూ ఒకే ఎత్తులో ఉన్నాయా చూసి, తర్వాత పైనుంచి కూడా చూడండి. రెక్క కొస నుంచి తోక రెక్క కొస దాకా రెండువైపులా దారంతో కొలిస్తే తేడా వెంటనే తెలుస్తుంది. సిమెంట్ ఇంకా మెత్తగా ఉన్న ఆ పది నిమిషాలే సవరించుకునే సమయం. రంగు ఎంత బాగా వేసినా వంకర తోకను దాచలేదు.

పుట్టీ తప్పనిసరైన చోట పల్చటి పొరలుగా వేయండి. ద్రావకం ఉన్న పుట్టీ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, కాబట్టి మందంగా ఒకేసారి వేస్తే మధ్యలో గుంట పడుతుంది. రెక్క మొదలు లాంటి మూలల్లో, రుద్దడానికి వీలుకాని చోట, నీళ్లతో తుడవగలిగే అక్రిలిక్ పుట్టీ వేసి తడి ఇయర్‌బడ్‌తో తుడిచేయండి. సందులో ఉన్నది అక్కడే మిగులుతుంది.

అతుకు పోయిందో లేదో చేతితో తడిమితే తెలియదు. దాని మీద వెండి రంగు సన్నగా వేసి, దీపాన్ని పక్కవాటుగా పట్టి చూడండి. వెండి రంగు చిన్న గీతను కూడా దాచదు. రుద్దినప్పుడు చెరిగిన ప్యానెల్ గీతలను మళ్లీ గీయడానికి, మందపాటి లేబుల్ టేపును అంచుగా అంటించి, సూది లాంటి పనిముట్టును బరువు పెట్టకుండా చాలాసార్లు లాగండి. బలంగా ఒక్కసారి లాగితే అది దారి తప్పుతుంది.

ఇక్కడ అమెరికా ఫైటర్ పి-51 మస్టాంగ్ సంగతి చెప్పాలి. దాని రెక్క గాలిని సాఫీగా పారించే ఆకారంలో చేసింది. ఆ నునుపు కోసం ఫ్యాక్టరీలో రెక్క రేకుల అతుకులను, రివెట్లను పుట్టీతో నింపి, రుద్ది, పైన వెండి రంగు వేసేవారు. ఫ్యూజలేజ్ మాత్రం ఉత్త లోహమే. కిట్ కంపెనీలు తరచుగా రెక్క మీద కూడా గీతలన్నీ చెక్కి ఇస్తాయి. తుపాకీ అరల మూతలు, ఇంధన మూతలు వదిలేసి మిగతా గీతలు నింపేయండి. రెక్కకు వెండి రంగు, ఫ్యూజలేజ్‌కు మెరిసే లోహపు రంగు వేస్తే రెంటి మధ్య తేడా చూడగానే తెలుస్తుంది. ఇంజిన్ ఆపాక హైడ్రాలిక్ ఒత్తిడి తగ్గి మస్టాంగ్ ఫ్లాప్‌లు (రెక్క వెనక కిందికి దిగే పలకలు), లోపలి చక్రపు తలుపులు మెల్లగా కిందికి జారతాయి. నేల మీద నిలిపిన మస్టాంగ్‌కు అవి దించి పెట్టడం సహజం. స్పిట్‌ఫైర్‌లో మాత్రం నేల మీదికి దిగాక పైలట్ ఫ్లాప్‌లు ఎత్తేసేవాడు, దించి నిలిపిన ఫొటోలు అరుదు.

క్యానొపీ

సూపర్ గ్లూ ఆవిరి గాజులాంటి భాగాల మీద తెల్లటి పొర కట్టిస్తుంది. వాటికి తెల్ల జిగురే వాడండి. అతికించే ముందు క్యానొపీని మెరిసే అక్రిలిక్ క్లియర్‌లో ముంచి, అంచు దగ్గర మిగిలిన చుక్కను టిష్యూతో పీల్చి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఆరబెట్టండి. చిన్న గీతలు మాయమవుతాయి.

మాస్కింగ్‌కు టేపును క్యానొపీ మీద పరిచి, టూత్‌పిక్‌తో ఫ్రేము అంచుల వెంట నొక్కండి. ఫ్రేము గీత టేపు మీద స్పష్టంగా కనిపిస్తుంది. కొత్త బ్లేడుతో, బ్లేడు బరువుతోనే కోయండి. ముందు కాక్‌పిట్ లోపలి రంగు వేసి, ఆరాక బయటి రంగు వేయండి. లోపలి నుంచి చూస్తే ఫ్రేము సరైన రంగులో కనిపిస్తుంది.

రంగు

ముందు బూడిద రంగు ప్రైమర్ వేయాలి. రంగు పట్టుకోవడానికి అది ఆధారం, మిగిలిన లోపాలు చూపించే అద్దం కూడా. ఎక్కడైనా అతుకు కనిపిస్తే మళ్లీ రుద్దడానికి ఇదే చివరి అవకాశం.

ఎయిర్‌బ్రష్‌లో పోసే రంగు పాలంత పల్చగా ఉండాలి. కప్పు గోడ మీద వేస్తే జారి, పల్చటి పొర మిగలాలి. ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య, దూరం 8 నుంచి 10 సెం.మీ. ఉంచి, తడిగా, అయితే కారకుండా, రెండు మూడు పొరలు వేయండి. రంగు ఉపరితలం గరుకుగా వస్తోందంటే గాల్లోనే ఆరిపోతోందని అర్థం, దగ్గరికి జరగండి లేదా ఇంకాస్త పల్చన చేయండి. బ్రష్‌తో వేసేవాళ్లు నిరాశ పడనక్కర్లేదు. వెడల్పాటి మెత్తని బ్రష్‌తో, పల్చన చేసిన అక్రిలిక్‌ను, ఒక పొర పూర్తిగా ఆరాకే మరో పొర చొప్పున మూడు నాలుగు పొరలు వేస్తే గీతలు లేకుండా వస్తుంది. తడి పొర మీదికి బ్రష్‌ను మళ్లీ తీసుకెళ్లడమే గీతలకు కారణం.

లేత రంగులు ముందు, ముదురువి తర్వాత. బ్రిటిష్ పగటి ఫైటర్లకు 1940లో పైన డార్క్ గ్రీన్, డార్క్ ఎర్త్ రంగులు ఉండేవి, ఆ ఏడాది జూన్ నుంచి కింద స్కై అనే లేత రంగు. 1941 ఆగస్టు నుంచి డార్క్ ఎర్త్ స్థానంలో ఓషన్ గ్రే, కింద మీడియం సీ గ్రే వచ్చాయి. మీరు ఎంచుకున్న విమానం ఏ కాలానిదో ముందే తేల్చుకోమని చెప్పింది ఇందుకే. మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దిగిన నాటి, అంటే 1944 జూన్ 6 నాటి తెలుపు నలుపు పట్టీలు ఒంటి ఇంజిన్ విమానాలకు 18 అంగుళాల వెడల్పు. 1/72లో 6.35 మి.మీ., 1/48లో 9.5 మి.మీ. మొత్తం పట్టీల చోటంతా తెలుపు వేసి, ఆరాక తెలుపు ఉండాల్సిన చోట టేపు అంటించి నలుపు వేయండి. చాలా విమానాలకు ఆ పట్టీలను గంటల వ్యవధిలో హడావిడిగా చేతితో వేశారు. కాబట్టి కొన్ని అంచులు కాస్త వంకరగా ఉంటే అది చరిత్రకు దగ్గరే, ఫొటోలో ఎలా ఉందో చూసి నిర్ణయించుకోండి.

టేపు అంచు కిందికి రంగు పాకకుండా, ముందు అడుగు రంగునే ఆ అంచు మీద పల్చగా మళ్లీ కొట్టండి. పాకితే అదే రంగు పాకుతుంది, సందు మూసుకుంటుంది. ఆ తర్వాత కొత్త రంగు వేయండి.

డీకాల్స్

డీకాల్ చుట్టూ వెండిలా మెరిసే పొర కనిపించడానికి కారణం దాని కింద ఇరుక్కున్న గాలి. మ్యాట్ రంగు ఉపరితలం సూక్ష్మంగా గరుకు, ఆ గుంటల్లో గాలి మిగులుతుంది. అందుకే డీకాల్స్‌కు ముందు మెరిసే క్లియర్ కోటు వేసి, ఒక రోజు ఆరనివ్వాలి.

డీకాల్‌ను నీళ్లలో పది పదిహేను సెకన్లు ముంచి తీసి, తడి టిష్యూ మీద ఒక నిమిషం పెట్టండి. కాగితం మీద అది కదులుతుంటే సిద్ధమైనట్టే. మోడల్ మీద సెట్టింగ్ ద్రవం (డీకాల్ బాగా అంటుకోవడానికి వాడేది) పూసి, డీకాల్ జార్చి, తడి బ్రష్‌తో సరైన చోటికి జరపండి. మధ్యలోంచి అంచులకు టిష్యూతో అద్దండి. తర్వాత మెత్తపరిచే ద్రవం పైన పూయండి. డీకాల్ ముడతలు పడుతుంది. చూడగానే కంగారు పుడుతుంది, కానీ ముట్టుకోకండి. ఆరేకొద్దీ సాఫీగా అయి ప్యానెల్ గీతల్లోకి దిగుతుంది. మర్నాడు ఎక్కడైనా బుడగ మిగిలితే సూదితో గుచ్చి, ఆ ద్రవమే ఇంకొక చుక్క వేయండి. తర్వాత మళ్లీ క్లియర్ కోటు వేసి అంతా భద్రం చేయాలి.

మాసిన రూపం

1/72 మోడల్‌ను 30 సెం.మీ. దూరం నుంచి చూడటమంటే అసలు విమానాన్ని దాదాపు 22 మీటర్ల దూరం నుంచి చూసినట్టు. అంత దూరం నుంచి ప్యానెల్ గీతలు నల్లటి గళ్లుగా కనిపించవు. గీతల్లోకి పారించే వాష్‌కు నలుపు వాడకండి. అడుగు రంగు కంటే రెండు మెట్లు ముదురుగా ఉన్న బూడిద లేదా గోధుమ చాలు. అక్రిలిక్ క్లియర్ కోటు మీద ఎనామెల్ వాష్ వేసి, అరగంట తర్వాత వైట్ స్పిరిట్ కొద్దిగా అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి. రెక్కల మీద ముందు నుంచి వెనక్కి, గాలి పారే దిశలోనే తుడవాలి. ఏమైనా మిగిలితే అసలు విమానం మీద మరకలు పడే దిశలోనే మిగులుతుంది.

రంగు ఊడిన మచ్చలు ఎక్కడ పెట్టాలో ఆలోచించి పెట్టండి. స్పిట్‌ఫైర్ కాక్‌పిట్ తలుపు ఎడమవైపు ఉంటుంది, పైలట్ ఎడమ రెక్క మొదలు మీద కాలు పెట్టి ఎక్కుతాడు. రంగు అరిగేది అక్కడే, కుడి రెక్క మొదలు మీద అంత అరుగుదల ఉండదు. చిన్న స్పాంజి ముక్కను ముదురు బూడిద రంగులో అద్ది, కాగితం మీద చాలాసార్లు తాకించి, దాదాపు ఏమీ మిగలనప్పుడు మోడల్ మీద తాకించండి. వీటి మీద కూడా స్కేలు లెక్క వేయాలి. 1/72లో ఒక మి.మీ. మచ్చ అంటే అసలు విమానం మీద అరచేయంత మచ్చ. ఎగ్జాస్ట్ మసిని పల్చటి గోధుమ నలుపుతో వెనక్కి సన్నబడేలా కొట్టి, మధ్యలో లేత బూడిద గీత వేయండి. చివరగా మ్యాట్ క్లియర్ కోటు.

చివరి భాగాలు

ల్యాండింగ్ గేర్, ప్రొపెల్లర్, పిటో, యాంటెన్నా ఇప్పటిదాకా విడిగానే రంగు వేసి పెట్టుకుని ఉండాలి. చక్రాలు నేలకు ఆనే చోట వాటర్ పేపర్ మీద కొద్దిగా రుద్ది బల్లపరుపు చేయండి, విమానానికి బరువు వచ్చినట్టు కనిపిస్తుంది. రెండు చక్రాల బల్లపరుపు ముఖాలూ నేలకు సమంగా వచ్చేలా అతికించి, సిమెంట్ ఆరేదాకా కాళ్ల కోణాన్ని ముందు నుంచి, పక్క నుంచి చూస్తూ సరిచేయండి. సన్నని రాగి తీగతో గేర్ కాలి వెంట బ్రేకు గొట్టం పెడితే అక్కడి ఖాళీ పోతుంది.

యాంటెన్నా తీగ ఉండాలా వద్దా అన్నది ఫొటో చూసి తేల్చండి. స్పిట్‌ఫైర్‌లలో వీహెచ్‌ఎఫ్ రేడియో అమర్చాక స్తంభం నుంచి తోకకు వెళ్లే తీగ తీసేశారు, స్తంభం మిగిలింది. తీగ కావాలంటే ఫ్రేము ముక్కను కొవ్వొత్తి మంట పైన, మంట తగలకుండా తిప్పుతూ వేడి చేయండి. మెత్తబడి కుంగగానే మంట నుంచి పక్కకు తీసి, రెండు చేతులతో నిదానంగా లాగి చల్లారేదాకా పట్టుకోండి. వేగంగా లాగితే దారం సన్నబడుతుంది, నెమ్మదిగా లాగితే లావుగా వస్తుంది. వెంట్రుక మందం ఉన్న ముక్కను ఎంచుకుని, ఒక కొసను సూపర్ గ్లూ చుక్కతో స్తంభానికి అంటించి, అది పట్టాక రెండో కొసను తోకకు అంటించండి. మధ్యలో వదులుగా ఉంటే, అప్పుడే ఆర్పిన అగ్గిపుల్లను కింది నుంచి రెండు సెంటీమీటర్ల దూరంలో ఒక్కసారి జరిపితే ఆ వేడికి తీగ బిగుసుకుంటుంది. అంతకంటే దగ్గరికి తీసుకెళ్తే తెగుతుంది.

క్యానొపీ మాస్కులు అన్నిటికంటే చివర తీయండి. టేపు మూలను టూత్‌పిక్‌తో లేపి, క్యానొపీ ఉపరితలానికి ఆనించినట్టుగా వెనక్కి మడిచి లాగండి. పైకి లాగితే ఫ్రేము మీది రంగు కూడా లేస్తుంది. జిగురు మరక మిగిలితే తడిపిన ఇయర్‌బడ్‌తో తుడవండి, థిన్నర్ మాత్రం తగలనివ్వకండి. నేరుగా ఎండ పడే చోట పెట్టకండి. ఎండకు డీకాల్స్ పసుపుబారతాయి, వేడికి సన్నని గేర్ కాళ్లు వంగుతాయి.